మల్లె కత్తిరించిన చేతులతో హైడ్రాంజియా పెంచాలంటే

తెనాలిలో మా ఇంటి మల్లె పాదుకి ఏటా డిసెంబరులో నాన్న ఒక సేవ చేసేవాడు. వారం పది రోజులు నీళ్ళు ఆపేసి, ఆకంతా దూసేసి, తీగల్ని మోకాలెత్తుకి కత్తిరించి, పాదు తవ్వి పశువుల ఎరువు వేసేవాడు. అప్పుడు చూస్తే అది చచ్చిన మోడే. మార్చి వచ్చేసరికి చిగురు చిగురుకీ మొగ్గలే. ఆ అలవాటుతోనే నేను న్యూజెర్సీలో ఇల్లు కొన్న ఏడాది అక్టోబరులో, పాతవాళ్ళు వాకిట్లో వదిలి వెళ్ళిన హైడ్రాంజియా పొదని మోకాలెత్తుకి కోసేశాను. మరుసటి జూన్‌లో ఆకులు గుమ్మడాకులంత వచ్చాయి గానీ పువ్వు ఒక్కటి రాలేదు. బలం చాల్లేదేమోనని ఎరువు వేసి, ఆ అక్టోబరులో ఇంకా కిందికి కోశాను. మళ్ళీ ఆకులే. మొక్కలో ఏ లోపమూ లేదనీ, రెండేళ్ళ మొగ్గల్ని నేనే కోసి ఆకుల సంచిలో వేశాననీ మూడో ఏడు గానీ తెలియలేదు.

మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది. మనం ఎక్కువగా చూసే పెద్దాకుల హైడ్రాంజియా కిందటేటి కొమ్మ మీద పూస్తుంది. వచ్చే వేసవి పువ్వు ఈ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే కొమ్మ కొసన మొగ్గకట్టి, చలికాలమంతా అక్కడే ముడుచుకుని కూర్చుంటుంది. నాటడం, నీళ్ళు పెట్టడం కష్టమేం కాదు. ఈ మొగ్గని ఏడెనిమిది నెలలు కాపాడుకోవడమే అసలు పని. కింద చెప్పేదంతా మధ్య న్యూజెర్సీ వాతావరణానికి, అంటే చలి తీవ్రతని బట్టి అమెరికాని విభజించిన మండలాల్లో జోన్ 7కి, పనికొచ్చేది. వర్జీనియా, మేరీలాండ్ వైపు వాళ్ళకీ దాదాపు ఇంతే. ఇంకా ఉత్తరాన ఉంటే వసంతకాలపు తేదీల్ని రెండు వారాలు ఆలస్యంగా, చలికాలం ముందు తేదీల్ని రెండు వారాలు ముందుగా పెట్టుకోండి. హైదరాబాద్, బెంగళూరు వాళ్ళ కోసం చివర్లో కొంత రాశాను.

ముందు మీ మొక్క ఏదో తేల్చుకోండి

నర్సరీలో అన్నిటికీ హైడ్రాంజియా అనే బోర్డే ఉంటుంది. ట్యాగ్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న శాస్త్రీయ నామం చదవండి. కత్తెర ఎప్పుడు పట్టాలో చెప్పేది అదే.

మాక్రోఫిల్లా అని ఉంటే పెద్దాకు రకం. జపాన్ సముద్రతీరాల మొక్క. ఆకు దళసరిగా, నిగనిగలాడుతూ, అరచేయంత ఉంటుంది. నీలం, గులాబి, ఊదా రంగుల్లో బంతిలా గుండ్రంగా పూసేదీ, మధ్యలో గింజల్లాంటి చిన్న పూలు ఉండి చుట్టూ అంచు కట్టినట్టు పెద్ద పూలు పూసేదీ రెండూ ఇందులోవే. ఆ పెద్దవి నిజానికి రేకులు కావు, మనం స్కూల్లో చదువుకున్న రక్షకపత్రాలు. అందుకే వాడిపోకుండా నెలల తరబడి నిలబడతాయి. ఇది పాత కొమ్మ మీద పూస్తుంది. 2004లో మార్కెట్లోకి వచ్చిన ఎండ్లెస్ సమ్మర్ లాంటి రకాలు పాత కొమ్మ మీదా, కొత్త కొమ్మ మీదా పూస్తాయి. మొగ్గ ఒకసారి చలికి పోయినా ఎంతో కొంత చూపిస్తాయి. మొదటిసారి పెట్టుకునేవాళ్ళు వీటితో మొదలుపెట్టడం మంచిది.

పానికులేటా అని ఉంటే పూలగుత్తి ఐస్‌క్రీమ్ కోన్‌లా పొడుగ్గా ఉంటుంది. తెల్లగా మొదలై సెప్టెంబరుకి గులాబి తేలుతుంది. ఆర్బొరెసెన్స్ అమెరికా తూర్పు అడవుల సొంత మొక్క. ఇల్లినాయిలోని అన్నా ఊరి దగ్గర దొరికిన అన్నాబెల్ రకం ఇందులోదే, తలకాయంత తెల్లటి బంతులు పూస్తుంది. ఈ రెండూ మన మల్లె లాంటివే, కొత్త చిగురు మీద పూస్తాయి. చలికి భయపడవు. ఓక్ ఆకు రకం మాత్రం పెద్దాకు దాని బాటే, పాత కొమ్మ.

మదర్స్ డేకి (మే రెండో ఆదివారం) ఎవరో మెరుపు కాగితం చుట్టిన కుండీలో హైడ్రాంజియా ఇచ్చి ఉంటారు. అది గ్రీన్‌హౌస్‌లో తొందరపెట్టి పూయించిన మొక్క. నేలలో పెడితే బతకొచ్చు, కానీ దాని మొగ్గ మన చలికి ఆగేలా ఎంచినది కాదు. జాగా ఉంటే పెట్టుకోండి, దాని మీద ఆశ మాత్రం పెట్టుకోకండి.

చోటు

పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ. పెద్దాకు రకానికి ఇంతకు మించిన సూత్రం లేదు. ఇంటికి తూర్పు వైపు గోడ పక్కన నాలుగైదు గంటల లేత ఎండ పడి, ఒంటిగంట తర్వాత ఇంటి నీడ వచ్చేచోటు చూడండి. పూర్తి నీడలో ఆకులే వస్తాయి. పడమటెండలో ఆకు అంచులు మాడతాయి. పానికులేటాకి మాత్రం రోజంతా ఎండ ఉన్నా ఇబ్బంది లేదు.

మేపుల్ చెట్టు కింద నీడ చల్లగా ఉందని పెట్టకండి. దాని వేళ్ళు పైపైనే అల్లుకుని, మీరు పోసిన నీళ్ళు ముందు అవే తాగేస్తాయి. ఏసీ యూనిట్ వేడిగాలి కొట్టేచోటు కూడా వద్దు. మొక్క ఇప్పుడు రెండడుగులే ఉన్నా నాలుగైదేళ్ళలో అటూ ఇటూ నాలుగైదు అడుగులు పరుచుకుంటుంది. గోడకి కనీసం మూడడుగులు, మొక్కకీ మొక్కకీ నాలుగైదు అడుగులు వదలండి. కిటికీ కింద పెట్టి, అడ్డమొచ్చిందని ఏటా కోస్తూ ఉంటే పువ్వు ఎప్పటికీ చూడలేరు.

నాటడం

మదర్స్ డే దాటాక జూన్ మొదటి వారం దాకా ఒక అదను. సెప్టెంబరు మొదలు అక్టోబరు పదో తారీఖు దాకా ఇంకొకటి. నాకు రెండోదే ఇష్టం. నేల వెచ్చగా, గాలి చల్లగా ఉండి వేరు నిదానంగా సాగుతుంది. జూలైలో డిస్కౌంట్‌లో దొరికిందని తెచ్చుకుంటే నీడలో కుండీలోనే ఉంచి, సెప్టెంబరులో నేలలో పెట్టండి.

నాటే ముందురోజు రాత్రి కుండీలోనే నిండా నీళ్ళు పోయండి. ఎండిన వేళ్ళముద్దని తడినేలలో పెట్టినా లోపలికి నీరు త్వరగా ఎక్కదు.

కుండీ ఎంత లోతుందో అంతే లోతు, వెడల్పు మాత్రం దానికి రెండింతలు గుంట తవ్వండి. ఇక్కడ మా వైపు నేల ఎర్రటి బంకమట్టి, కిందికి పోతే పలకరాయి. పార వేస్తే గుంట గోడలు నున్నగా కుండ లోపలిలా తయారవుతాయి. ఆ గోడల్ని పార కొసతో గీరి గరుకు చేయండి, లేకపోతే వేరు బయటికి పోలేక లోపలే చుట్లు తిరుగుతుంది. తర్వాత గుంట నిండా నీళ్ళు పోసి చూడండి. రెండు మూడు గంటలకీ ఇంకకపోతే ఆ చోటు వదిలేయండి, లేదా మట్టి పోసి అడుగు ఎత్తు చేసి నాటండి. పేరులోనే నీరున్న మొక్క అయినా నిలవ నీటిలో వేళ్ళు కుళ్ళిపోతాయి.

తీసిన మట్టిలో మూడో వంతు కంపోస్టు కలపండి. మొక్కని కుండీలోంచి తీశాక వేళ్ళు గుండ్రంగా చుట్టుకుని ఉంటే చేత్తో మెల్లగా విడదీయండి. మరీ బిగిసి ఉంటే కత్తితో పక్కల నాలుగు చోట్ల నిలువుగా గాటు పెట్టండి. ముద్ద పైభాగం నేలతో సమానంగా, లేదా ఒక అర అంగుళం పైకి ఉండేలా కూర్చోబెట్టండి. లోతుగా పాతిపెడితే కాండం మొదట్లో కుళ్ళు పడుతుంది. సగం మట్టి వేశాక ఒకసారి నీళ్ళు పోసి, అది ఇంకాక మిగతా మట్టి వేయండి. కాలితో తొక్కకండి. గుంటలో రసాయన ఎరువు వేయకండి.

పైన రెండు మూడు అంగుళాల మల్చ్ పరవండి. చెక్కపొట్టు, పైన్ ఆకులు, ముక్కలు చేసిన రాలుటాకులు, ఏదైనా సరే. కాండం చుట్టూ మూడు వేళ్ళ మందం ఖాళీ ఉంచండి.

నీళ్ళు

జపాన్‌లో ఈ పువ్వు జూన్ ముసురులో పూస్తుంది. వాళ్ళు అజిసాయి అంటారు, నాగసాకి నగరపు పువ్వు ఇదే. వానల మధ్య పూయడానికి పుట్టిన మొక్క కాబట్టి మొదటి రెండు వేసవులూ దాన్ని దాహానికి వదలకూడదు. వానతో కలుపుకుని వారానికి ఒక అంగుళం నీరు లెక్క. రోజూ కాసిని చిలకరించడం కంటే వారానికి రెండుసార్లు మొక్క మొదట్లో నిదానంగా పారించడం మేలు. ఆకుల మీద పోస్తే మచ్చ తెగులు, బూజు వస్తాయి, అందుకని సోకర్ హోస్ (పొడవునా నీరు ఊరే పైపు) వేసుకుంటే మంచిది.

జూలై మధ్యాహ్నం మూడింటికి చూస్తే ఆకులన్నీ తడిగుడ్డల్లా వేలాడుతూ ఉంటాయి. కంగారుపడి పైపు అందుకోకండి. ముందు మల్చ్ పక్కకి తోసి చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో దింపండి. తడి తగిలితే ఏం చేయకండి. ఎండకి ఆకు పీల్చినంత నీరు వేరు అందించలేక వాలిపోతుంది, అంతే. చీకటి పడ్డాక అదే లేస్తుంది. పొద్దున్న ఏడింటికి కూడా వాలి ఉంటే అది నిజమైన దాహం. ఈ తేడా తెలియక రోజూ పోసి వేళ్ళు కుళ్ళబెట్టినవాళ్ళని చాలామందిని చూశాను.

ఎరువు సంగతి చిన్నదే. ఏప్రిల్ చివర ఒకసారి నిదానంగా కరిగే ఎరువు, పైన గుప్పెడు కంపోస్టు. పచ్చికకి వేసే నైట్రోజన్ ఎరువు పొద దగ్గర పడనివ్వకండి, ఆకు ఏపుగా పెరిగి పువ్వు తగ్గుతుంది. ఆగస్టు తర్వాత ఏదీ వద్దు.

రంగు

పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా తేలడం మనందరికీ తెలుసు. హైడ్రాంజియా కూడా మట్టిలో పులుపునీ సున్నాన్నీ బట్టే రంగు మారుస్తుంది, కానీ దారి వేరు. లిట్మస్ కాగితం పులుపుకి ఎర్రబడుతుంది, ఈ పువ్వు పులుపుకి నీలమవుతుంది. మధ్యలో ఉన్నది అల్యూమినియం. మట్టి పుల్లగా ఉంటే అందులో ఉన్న అల్యూమినియం కరిగి వేరుకి అందుతుంది. పువ్వులోని రంగుతో కలిసి నీలంగా కనిపిస్తుంది. సున్నం ఎక్కువైతే అల్యూమినియం మట్టిలోనే బిగుసుకుపోతుంది, పువ్వు గులాబిగా ఉండిపోతుంది. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే నీలం, 6.5 దగ్గర గులాబి, మధ్యలో ఊదా. ఒక్కోసారి ఒకే పొద మీద మూడూ పూస్తాయి. నాకు అదే అన్నిటికన్నా అందంగా అనిపిస్తుంది. ఇంటి పునాదికి ఆనుకుని ఉన్న వైపు గులాబిగా, ముందువైపు నీలంగా పూస్తే అది కాంక్రీటులోంచి దిగిన సున్నం పని.

నీలం కావాలంటే ముందు మట్టి పరీక్ష చేయించండి. న్యూజెర్సీలో రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్ చేస్తుంది, మిగతా రాష్ట్రాల్లో కూడా యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులు ఉంటాయి. పీహెచ్ ఎక్కువని తేలితే గాలను నీళ్ళలో ఒక టేబుల్ స్పూన్ అల్యూమినియం సల్ఫేట్ కలిపి మార్చి, ఏప్రిల్, మే నెలల్లో నెలకి ఒకసారి చొప్పున మొక్క మొదట్లో పోయండి. ముందు మామూలు నీళ్ళతో నేల తడిపి, ఆకుల మీద పడకుండా పోయాలి. ఎక్కువైతే వేళ్ళు మాడతాయి, స్పూను కొలత దాటకండి. నాటి రెండేళ్ళయినా కాని మొక్కకి అసలు వద్దు. ఫాస్ఫరస్ అల్యూమినియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి నీలం కోరుకునేవాళ్ళు ఎముకల పొడి వేయకూడదు. గులాబి కావాలనుకునేవాళ్ళు తోట సున్నం వేసుకోవచ్చు.

ఫిల్టర్ కాఫీ పిప్పి, చింతపండు పిప్పి, వెనిగర్ పోస్తే నీలమవుతుందా అని అడుగుతుంటారు. వాడేసిన కాఫీ పిప్పిలో పులుపు పెద్దగా మిగలదు. కంపోస్టులో వేసుకోండి, రంగు దాని వల్ల రాదు. తెల్ల రకాలు ఏం చేసినా నీలం కావు, వాటిని ఇబ్బంది పెట్టకండి.

కత్తెర

పానికులేటా, అన్నాబెల్ మీ దగ్గరుంటే మార్చిలో, చిగురు రాకముందు, మూడో వంతు దాకా ధైర్యంగా కోయండి. నాన్న మల్లెకి చేసినట్టే. ఇంతటితో వాటి సంగతి అయిపోయింది.

పెద్దాకు రకానికి చెట్టు మీద ఎండిన పూలని శీతాకాలమంతా అలాగే ఉంచండి. కింద ఉన్న మొగ్గకి అవే గొడుగు. ఏప్రిల్ మూడో వారంలో ఒక పొద్దున్న పొద ముందు కూర్చోండి. కొమ్మలన్నీ గోధుమ రంగులో కట్టెపుల్లల్లా, చచ్చినట్టే కనిపిస్తాయి. ఒక కొమ్మని పట్టుకుని పైనుంచి కిందికి చూపు దించండి. కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు లావుపాటి మొగ్గలు, పచ్చగానో కాస్త ఎర్రగానో ఉబ్బి ఉంటాయి. వాటి పైన ఒక పావు అంగుళం వదిలి, ఎండుపువ్వుతో పాటు ఆ కొస మాత్రమే కోయండి. మొగ్గలేమీ కనిపించని కొమ్మకి గోటితో బెరడు కాస్త గీకండి. కింద పచ్చగా తగిలితే బతికే ఉంది, వారం ఆగండి. గోధుమరంగు పొడిలా రాలితే ఇంకా కిందికి దిగి గీకండి, ఎక్కడ పచ్చదనం మొదలైతే అక్కడికి కోయండి. మొదట్లోకి వచ్చినా పచ్చ లేకపోతే నేల దగ్గరికి తీసేయండి.

పొద మరీ గుబురైతే, ఏటా రెండు మూడు ముసలి కొమ్మల్ని మాత్రం నేల మట్టానికి తీయండి. ఎత్తు తగ్గించాలంటే పూసీ పూయగానే, జూలై ముగియకముందే. ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా కత్తెర ముట్టకూడదు. గడ్డి కోయడానికి వచ్చే మనుషులకి ఈ మాట ముందే చెప్పి, పొదకి ఒక రిబ్బను కట్టి ఉంచండి. ఒకసారి నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాకిలంతా గుండ్రంగా చదును చేసి వెళ్ళారు. అప్పటినుంచి రిబ్బను కడుతున్నాను.

చలికాలం

జనవరి చలికన్నా ఏప్రిల్ మంచు ప్రమాదం. మార్చి చివర నాలుగు వెచ్చటి రోజులకి మొగ్గ కళ్ళు తెరుస్తుంది, తర్వాత ఒక్క రాత్రి గడ్డకడితే నల్లగా మాడిపోతుంది. నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ ప్రాంతంలో, పొద చుట్టూ నాలుగు కర్రలు పాతి కోళ్ళ వల చుట్టి, లోపల ఎండు ఓక్ ఆకులు వదులుగా నింపండి. మేపుల్ ఆకు తడికి అట్టలా అంటుకుపోతుంది, ఓక్ అయితే గుల్లగా నిలుస్తుంది. ఏప్రిల్‌లో వల తీశాక వాతావరణం చూస్తూ ఉండండి. రాత్రికి 32 డిగ్రీల ఫారన్‌హీట్ అంటే సాయంత్రమే పాత నేత దుప్పటి కప్పి, అంచులు నేల మీద రాళ్ళతో అదమండి. పొద్దున్న ఎండ రాగానే తీసేయాలి. ప్లాస్టిక్ కప్పకండి, ఆకుకి తగిలిన చోటల్లా మాడుతుంది. అమ్మ పంపిన చీరాల దుప్పట్లు రెండు నా దగ్గర ఇందుకోసమే గరాజ్‌లో ఉంటాయి.

ఆ కోళ్ళ వల జింకలకి కూడా అడ్డు. వాటికి ఈ మొగ్గలంటే మహా ఇష్టం, మంచు కరిగే రోజుల్లో ఒక్క రాత్రిలో పొదంతా కొరికిపోతాయి. మనుషులకీ, కుక్కలకీ మాత్రం ఇది తినకూడని మొక్క. ఆకులోనూ మొగ్గలోనూ సయనైడ్‌ని పుట్టించే పదార్థాలుంటాయి. దేవుడికి పెట్టుకోండి, ఫంక్షన్లలో భోజనాల బల్ల అలంకరణకి వాడండి, కేకు మీదా, తినే పళ్ళెంలోనూ మాత్రం పెట్టకండి.

హైదరాబాద్, బెంగళూరు కుండీల్లో

ఊటీ, కొడైకెనాల్ రోడ్ల పక్కన నీలం గుత్తులు చూసి మనసుపడి తెచ్చుకునేవాళ్ళున్నారు. ఈ మొక్క మొగ్గకట్టాలంటే ఆరు వారాల పాటు 18 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చల్లదనం కావాలి. కొండ మీద అది ఊరికే దొరుకుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉన్నా పగలు వేడెక్కుతుంది, కాబట్టి మరుసటి ఏడు పూస్తుందని మాటివ్వలేను. బెంగళూరులో కాస్త నయం. అరకు, లంబసింగి వైపు ఇల్లున్నవాళ్ళు మాత్రం నిస్సంకోచంగా నేలలోనే పెట్టి చూడండి.

కుండీ 14 అంగుళాలకి తగ్గకుండా, లేత రంగుది తీసుకోండి. కోకోపీట్, కంపోస్టు సగం పాళ్ళు వేయండి. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నపు ఎండ అసలు తగలని తూర్పు బాల్కనీలో ఉంచాలి. బోరు నీళ్ళు పోస్తే ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నీళ్ళలో సున్నం ఎక్కువై మొక్కకి ఇనుము అందకపోవడం అది. వాననీళ్ళు పట్టి ఉంచుకుని అవే పోయండి.

అడిగినవాళ్ళకి ఒక మొక్క

జూన్‌లో పువ్వు లేని కొమ్మ ఒకటి చూసి, జానెడు కన్నా కాస్త తక్కువ, ఆరంగుళాల ముక్క కోయండి. కొసన రెండు ఆకులుంచి కిందివి తీసేయండి. ఉంచిన ఆకుల్ని కూడా అడ్డంగా సగానికి కోస్తే నీరు తక్కువ ఆవిరవుతుంది. కోసిన కొసని వేరు పుట్టించే పొడిలో (రూటింగ్ హార్మోన్) అద్ది, తడి పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపిన మట్టిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చండి. కుండీ మీద ఒక పారదర్శకమైన సంచి బోర్లించి, ఆకుకి తగలకుండా రెండు పుల్లలు నిలబెట్టి, ఎండ సూటిగా పడని కిటికీ దగ్గర పెట్టండి. మూడు నాలుగు వారాలకి ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని కొంచెం పైకి లాగి చూడండి. జారి వచ్చేస్తే ఇంకా కాలేదు, మళ్ళీ గుచ్చేయండి. నేల గట్టిగా పట్టుకున్నట్టు అనిపిస్తే వేరు పట్టింది. మర్నాటి నుంచి సంచిని రోజుకి కాసేపు తీస్తూ వారంలో పూర్తిగా తీసేయండి. ఆ చలికాలం మాత్రం కుండీని వేడి లేని గరాజ్‌లో ఉంచి, మట్టి పూర్తిగా ఎండిపోకుండా నెలకి రెండుసార్లు కాసిని నీళ్ళు పోయండి. ఇచ్చేటప్పుడు అది ఏ రకమో ఒక చెక్క పుల్ల మీద రాసి కుండీలో గుచ్చి ఇవ్వండి. కింద ‘అక్టోబరులో కోయవద్దు’ అని కూడా రాయండి.